నక్షత్రములను లెక్కించిన నగరము

దిల్‌సుఖ్‌నగరమున రాత్రి తొమ్మిది గంటలకు తలయెత్తి చూచినవారికి ఎన్ని నక్షత్రములు కానవచ్చును? ఎల్.బి.నగర్ కూడలిలో నిలిచి సప్తర్షులను గుర్తింపగల బాలు డెవడైన కలడా? వీధిదీపములును, దుకాణముల ప్రకటన ఫలకములును ఆకాశముమీదికి వెలుగును చిమ్ముచుండగా, వేలకొలది తారలలో పట్టుమని పది మిగిలిన అదియే పదివేలు. ఇది పనిలేనివారి ప్రశ్నయని కొందఱు నవ్వవచ్చును. మేము మాత్రము దీనిని పౌరుల హక్కునకు సంబంధించిన ప్రశ్నగానే భావించుచున్నాము.

ఆ బాలుడే తన ఫోనులో ఏమి చూచుచున్నాడో యోచింపుడు. 2021 డిసెంబరు 25న ఆకాశమునకు ఎగసిన జేమ్స్ వెబ్ దూరదర్శిని, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి, ఆరున్నర మీటర్ల దర్పణముతో విశ్వమును పరికించుచున్నది. 2022 జూలైలో వెలువడిన దాని తొలి చిత్రములు ఎవరిని ముగ్ధులను చేయలేదు? చేయి చాచి పట్టుకొనిన ఇసుకరేణువు మఱుగుపఱచునంతటి ఆకాశఖండమున వేలకొలది గెలాక్సీలు! 7,600 కాంతి సంవత్సరముల దూరమున కెరీనా నీహారికలో ధూళి కొండలచరియలవలె నిలువగా, దాని గర్భమున అప్పుడే కన్నుదెఱచుచున్న నక్షత్రములు! ఈ రంగులు చిత్రకారుల కల్పనలు కావా యని సందేహించువారు కలరు. మన కంటికి అందని పరారుణ కాంతిలో దీర్ఘ తరంగములకు ఎఱుపును, హ్రస్వ తరంగములకు నీలమును కేటాయించి ఆ చిత్రములను కూర్చుచున్నారు. ఇది అసత్యము కాదు. కంటికి తెలియని భాషనుండి తెలిసిన భాషలోనికి అనువాదము.

ఇట్టి చిత్రములు చేతిలో నుండగా ఆకాశముతో పనియేమి యని అడుగవచ్చును. చిత్రము ఇతరుల శ్రమఫలము; ఆకాశము ప్రశ్నలకు పుట్టినిల్లు. వివాహవేళ పురోహితుడు నూతన దంపతులకు అరుంధతిని చూపుట మన ఆచారము. నేడు కల్యాణమంటపముల వెలుగులో ఆయన వ్రేలు చూపును, వధూవరులు తల యూపుదురు. నక్షత్రము మాత్రము కనబడదు. వసిష్ఠుడని మనము పిలుచు చుక్క నాలుగు నక్షత్రముల కూటమి యనియు, అరుంధతి రెండు నక్షత్రముల జంట యనియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ వింత తెలిసిన తరమునకే ఆ చుక్క కానరాకుండుట ఎంతటి విపరీతము!

ఈ విపరీతము హైదరాబాదుకు మఱింత లజ్జాకరము. దిల్‌సుఖ్‌నగరమునకు కొద్ది కిలోమీటర్ల దూరముననున్న ఫిసల్ బండలో జాఫర్ జంగ్ నవాబు 1901లో 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి వేధశాలకు అంకురార్పణ చేసెను. ఆయన మరణానంతరము 1908లో నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట అది బేగంపేటకు తరలెను. 1887లో పారిస్ సభ తలపెట్టిన సమస్త ఆకాశ చిత్రపట నిర్మాణమున మన వేధశాలకును పాలు లభించెను. పోకాక్, భాస్కరన్ మొదలగువారు గాజుఫలకములపై ఆకాశమును ముద్రించి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను కొలిచి గ్రంథస్థము గావించిరి. ఆ శ్రమ వృథా పోలేదు. 1989లో ఐరోపావారు ప్రయోగించిన హిపార్కస్ ఉపగ్రహపు కొలతలను ఈ పాత ఫలకముల కొలతలతో పోల్చియే, 25 లక్షల నక్షత్రముల చలనములను తెలుపు పట్టిక 2000లో సిద్ధమయ్యెను. అంతరిక్షమున నిలిచిన కన్నునకు సైతము హైదరాబాదు కన్ను సాక్ష్యము పలుకవలసివచ్చినది!

ఎల్.బి.నగర్ నుండి సాగర్ రహదారి వెంట ఇబ్రహీంపట్నము దాటి సాగినచో జాపాల రంగాపురము వచ్చును. అచట ఉస్మానియా విశ్వవిద్యాలయము 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పెను. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును అచటినుండియే శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. చీకటికై నగరమునకు దూరముగా పోయిన ఆ వేధశాలను నగరపు వెలుగు తఱుముకొని పోయినది.

దీపముల నార్పుడని మేము కోరుట లేదు. రాత్రి పని ముగించుకొని ఇండ్లకు మరలు స్త్రీలకు వెలుగు కావలయును. కాని ఆ వెలుగు వారి పాదములముందు పడవలెనా, మేఘములపై పడవలెనా? దీపములకు పైకప్పు అమర్చినచో కాంతి నేలకే దిగును; విద్యుత్తును మిగులును. నీలిఛాయగల తెల్లని వెలుగు గాలిలో హెచ్చుగా చెదరును గనుక, పసుపుఛాయ దీపములు మేలు. వ్యాపారులు అర్ధరాత్రి దాటిన పిదప ప్రకటన ఫలకముల నార్పినచో వారికి వచ్చు నష్టమేమి? లదాఖ్‌లోని హాన్లేలో 2022లో చీకటి ఆకాశమునకే రక్షిత ప్రదేశము నేర్పఱచిన దేశము మనది. అంతరిక్షమున 2015లో ఆస్ట్రోశాట్‌ను నిలిపినదియు ఈ దేశమే.

దిల్‌సుఖ్‌నగరమున పరీక్షల శిక్షణకై వేలకొలది విద్యార్థులు జిల్లాలనుండి వచ్చుచున్నారు. కాంతి సంవత్సరమునకు నిర్వచనము వారికి కంఠస్థమే. పల్లెలో వారు ఎఱిగిన పిల్లలకోడి చుక్కలు మాత్రము ఇచట వారికి దూరమైనవి. మాసమున కొక్క అమావాస్య రాత్రియైనను ఈ విద్యార్థులకు రంగాపురము త్రోవ చూపుడని విశ్వవిద్యాలయ పెద్దలను కోరుచున్నాము. వీధిదీపములకు కప్పులు వేయింపుడని నగరపాలకులను కోరుచున్నాము. ఏడున్నర లక్షల నక్షత్రములను కొలిచి లోకమునకు ఒప్పగించిన నగరము, తన బిడ్డలకు ఏడు నక్షత్రములను చూపలేకుండుట తగదు.