డార్విను గారిది ఏ పార్టీ?

మొన్న హెచ్.ఇ.సి. తరగతిలో సంధులు చెప్పుచుండగా వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, "సార్, డార్విన్‌ది ఏ పార్టీ సార్?" అని అడిగినాడు. సవర్ణదీర్ఘ సంధికిని ఈ ప్రశ్నకును గల సంబంధము మాకు బోధపడలేదు. అంతకు ముందు గంట పౌరశాస్త్రము కాబోలు. తెలుగు ఉపన్యాసకునికి జంతుశాస్త్రముతో ఏమి పని అని తప్పించుకొన్నాము గాని, ప్రశ్న మాత్రము మమ్ము వదలలేదు.

వామపక్షము వారు ఆయనను తమవాడనుటకు ఆధారము లేకపోలేదు. 1873లో కార్ల్ మార్క్స్ తన ‘పెట్టుబడి’ గ్రంథపు రెండవ కూర్పును డార్వినుకు పంపినాడు. డార్విను మర్యాదగా కృతజ్ఞతలు తెలుపుచు జాబు వ్రాసినాడు. ఆ కాలమున పుస్తకముల పుటలను కత్తితో కోసికొని చదువవలసి ఉండెడిది. డార్విను ఇంట నిలిచిన ఆ ప్రతిలో 822 పుటలకు గాను మొదటి 105 మాత్రమే కోయబడి ఉన్నవి. మా విద్యార్థులు పాఠ్యగ్రంథములను చదువు తీరుతో పోల్చిన ఇది మిక్కిలి గౌరవప్రదమైన సంఖ్యయే.

ధనవంతుల పక్షము వారికిని ఆయన దక్కినాడు. యోగ్యతమమైనదే మనునను మాట డార్వినుది కాదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ కల్పించినది. 1869లో డార్విను దానిని తన గ్రంథపు అయిదవ కూర్పులో చేర్చుకొన్నాడు. అది మొదలు కలవాడు తన కలిమిని ప్రకృతి ఇచ్చిన యోగ్యతాపత్రమని చెప్పుకొనసాగినాడు. తాతగారి ఆస్తి ఏ యోగ్యతలోనికి వచ్చునో ఎవరును అడిగినట్లు లేదు.

ఇంతవరకు నవ్వుకొనవచ్చును. రష్యా కథ అట్టిది కాదు. నికొలాయ్ వావిలోవ్ దేశదేశములు తిరిగి విత్తనములు సేకరించి లెనిన్‌గ్రాడులో భాండాగారమును నెలకొల్పిన శాస్త్రజ్ఞుడు. ట్రోఫిమ్ లైసెంకో అనునతడు, పెంపకము మార్చినచో పైరు గుణము మారుననియు, ఆ మార్పు సంతతికి సంక్రమించుననియు, జన్యువులు బూర్జువా కల్పన యనియు వాదించినాడు. స్టాలినుకు రెండవవాని మాట నచ్చినది. 1940లో వావిలోవ్‌ను నిర్బంధించినారు. లోకమునకు అన్నము పెట్టు గింజలను కూర్చినవాడు 1943 జనవరిలో సరాటోవ్ చెరసాలలో ఆకలితో కృశించి మరణించినాడు. లెనిన్‌గ్రాడు ముట్టడిలో ఆయన సహచరులు కొందరు ఆ విత్తనములను ముట్టక కాపాడుచు పస్తులతో ప్రాణములు విడిచినారు. 1948 ఆగస్టులో జన్యుశాస్త్రమే నిషిద్ధమైనది. గోధుమ మాత్రము ఆ తీర్మానమును చదువలేదు.

మన దేశములో పరిణామము శాసనసభలలో వేగముగా జరుగును. 1967లో హర్యానా సభ్యుడు గయాలాల్ ఒక పక్షము దినములలో మూడు మారులు పక్షము మార్చినాడు. "జీవి ఒక్కటి పరిణమించదు, సమూహము పరిణమించును" అని మా జంతుశాస్త్ర మిత్రుడు ఇరానీ చాయ్ త్రాగుచు చెప్పినప్పుడు మాకు 1985 నాటి ఫిరాయింపుల చట్టమే స్ఫురించినది. ఒక్కడు మారినచో సభ్యత్వము పోవును. మూడింట రెండు వంతుల మంది కూడి వేరొక పక్షమున కలిసినచో అది విలీనము! డార్విను కూడ ఇంత స్పష్టముగా వ్రాయలేదు.

2017లో తుర్కీ ప్రభుత్వము ఉన్నత పాఠశాలల పాఠ్యప్రణాళిక నుండి పరిణామ పాఠమును తీసివేయ నిర్ణయించినది. 2023లో మన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి గ్రంథములోని ‘అనువంశికత, పరిణామము’ అను పాఠమును ‘అనువంశికత’గా కుదించినది. మానవునికి తోక ఊడిన కథ చెప్పు పాఠమునకే తోక ఊడినది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు నిరసన లేఖపై సంతకములు చేసినారు. అక్కడి పాలకుల మతము వేరు, ఇక్కడి పాలకుల మతము వేరు. కత్తెర ఒక్కటే. మన సోదరులలోను ఈ పాఠము పేరు వినగనే చెవులు మూసికొనువారున్నారు. తొమ్మిదవ శతాబ్దమున బస్రా వాసి అల్ జాహిజ్, జంతువులు ఒకదానినొకటి తిని బ్రతుకు తీరును వివరించుచు పెద్ద గ్రంథమే వ్రాసినాడు. అందువలన ఆయన ఈమానుకు లోపము రాలేదు.

వైద్యుడు కాగోరువాడు ఈ పాఠమును ఇంటర్మీడియటులోనైనను చదువును. పదవ తరగతితో జీవశాస్త్రమునకు సలాము చెప్పి హెచ్.ఇ.సి.లో చేరినవానికి అది మరల ఎదురుపడదు. రేపు ఓటు వేయువాడును, శాసనసభకు పోవువాడును, ఏ పాఠము ఉండవలెనో తేల్చువాడును అతడే. ఖండింపదలచినవాడు చదివిన పిమ్మట ఖండించుగాక, మాకు అభ్యంతరము లేదు.

మా వెనుక బల్ల విద్యార్థికి జంతుశాస్త్ర మిత్రుని వద్ద నుండి పాత పదవ తరగతి పుస్తకమొకటి తెచ్చి ఇచ్చినాము. వారము దినములకు తిరిగి ఇచ్చినాడు. ఆ పాఠము పుటలు బాగుగా నలిగి, ఒకచోట చాయ్ మరక కూడ ఉన్నది. మిత్రుడు కోపగించుకొన్నాడు.