పాత ఫైల్‌లో ‘ఆస్పెర్జర్’, కొత్త చీటీలో ‘ఆటిజం’: జబ్బు మారిందా, పేరు మారిందా?

దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీనగర్‌లోనో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లొచ్చు. అయితే పదేళ్ల కిందటి ఫైల్‌లోని జబ్బు పేరు, ఇప్పుడు డాక్టర్ రాసే పేరు ఒకటే కాకపోవచ్చు. అప్పట్లో తప్పు చెప్పారా? సర్టిఫికెట్ వస్తుందా, రాదా? చాలా కుటుంబాల అనుమానాలివే.

పేర్లు ఎందుకు మారతాయి?

చాలా మానసిక సమస్యలను రక్తపరీక్షతో తేల్చలేం. లక్షణాలను బట్టే వాటిని విడదీస్తారు. పరిశోధన, సమాజపు అవగాహన మారితే ఆ విభజనా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ సంపర్కాన్ని జబ్బుల జాబితా నుంచి 1990లో తొలగించింది. అదే సంస్థ తాజా జాబితా ఐసీడీ-11. 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఏం మారింది?

• ఆస్పెర్జర్ ఇప్పుడు విడి జబ్బు కాదు, ఆటిజం స్పెక్ట్రమ్‌లో భాగం. అమెరికా వైద్యుల డీఎస్ఎం-5 ఈ పని 2013లోనే చేసింది.
• స్కిజోఫ్రీనియాలో ‘పారనాయిడ్’ వంటి ఉపరకాలు పోయాయి.
• గేమింగ్ డిజార్డర్ కొత్తగా చేరింది. సెలవుల్లో ఫోన్ వదలని పిల్లలందరికీ ఇది వర్తించదు. ఆట మీద అదుపు తప్పి, చదువు, ఇల్లు దెబ్బతినే పరిస్థితి సాధారణంగా ఏడాది పాటు కనిపించాలి.

చట్టం ఏమంటోంది?

మానసిక జబ్బును ఐసీడీ తాజా కూర్పు సహా గుర్తింపు పొందిన ప్రమాణాల ప్రకారమే నిర్ధారించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

వైకల్య సర్టిఫికెట్‌ది వేరే దారి. 1995 చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజాన్ని చేర్చింది. ఇక్కడ కోడ్ కంటే తీవ్రత ముఖ్యం. రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. అందుకే ‘ఈ సమస్యకు సర్టిఫికెట్ ఇవ్వరు’ అని అప్పట్లో వెనక్కి పంపిన వాళ్లు ఇప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి.

మీరేం చేయాలి?

• పాత ఫైల్ పారేయొద్దు. చిన్నప్పటి లక్షణాలకు అదే ఆధారం.
• కొత్త చీటీ మీద పాత పేరు కూడా రాయమని డాక్టర్‌ను అడగండి.
• పేరు మారిందని మందులు ఆపేయొద్దు.
• యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.
• సలహా కావాలంటే టెలీ మానస్ ఉచిత నంబర్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.