విముక్తి ఎవరికి?

‘ఫిఫ్టీ షేడ్స్’ నవలలు చదివానంటే మన సంఘాల్లో రెండు రకాల చూపులు ఎదురవుతాయి. ఒకటి వెక్కిరింత, రెండోది ‘నువ్వు కూడానా?’ అనే నింద. అవును, చదివాను. మూడో పుస్తకాన్ని అర్ధరాత్రి దాటినా కింద పెట్టలేకపోయాను. ముగించాక మాత్రం కోపం వచ్చింది. రెండూ నిజమే కాబట్టి రెండింటి గురించీ మాట్లాడుకోవాలి.

బ్రిటిష్ రచయిత్రి ఇ.ఎల్. జేమ్స్ 2011, 2012 సంవత్సరాల్లో వెలువరించిన ఈ మూడు నవలలు ప్రపంచమంతటా 10 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. చదివినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. ఇంతమంది ఆడవాళ్ళను బుద్ధిలేనివాళ్ళని కొట్టిపారేయడం మగ విమర్శకులకు తేలిక. మనకది తగదు. స్త్రీకీ కోరిక ఉంటుందని ఒప్పుకోని సమాజంలో చాటుమాటుగానైనా ఆ మాట అనుకునే చోటు ఈ పుస్తకాల్లో దొరికింది. వీటిని అశ్లీలమని నిషేధించమనడం మన పని కాదు. మన పేచీ శృంగారంతో కాదు, పెత్తనంతో.

చివరి పుస్తకం పేరు ‘ఫిఫ్టీ షేడ్స్ ఫ్రీడ్’. అంటే విముక్తి. ఎవరికి?

పెళ్ళయ్యాక కూడా ఆఫీసులో తన పుట్టింటి పేరుతోనే పనిచేయాలనుకుంటుంది అనస్టేసియా. భర్త క్రిస్టియన్ గ్రే నేరుగా ఆఫీసుకొచ్చి నిలదీస్తాడు. ఆ కంపెనీ కూడా అతనిదే! చివరికి ఆమే తగ్గుతుంది. హనీమూన్‌లో ఫ్రాన్స్ సముద్రతీరాన పైబట్ట తీసిందని, మళ్ళీ తీయడానికి వీల్లేకుండా ఆమె ఒంటిమీద కమిలిన మచ్చలు మిగులుస్తాడు. వద్దన్నా స్నేహితురాలితో బయటికి వెళ్ళిందని న్యూయార్క్ నుంచి తిరిగొచ్చి శిక్షిస్తాడు. గర్భం వచ్చిందంటే మండిపడి బయటికి పోయి తాగి వస్తాడు.

ఆ శిక్ష మధ్యలో ఆమె ముందుగా అనుకున్న మాట అంటుంది. అతను ఆగిపోతాడు. నా మనసు ఊగిసలాడింది ఇక్కడే. వద్దంటే ఆగే భర్త! 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సైతం, భార్యకు 18 ఏళ్ళు నిండితే భర్త బలాత్కారాన్ని అత్యాచార నిర్వచనంలో చేర్చకుండా పాత మినహాయింపునే కొనసాగించింది. అలాంటి దేశంలో ఆ పేజీ చిన్నదేమీ కాదు. కానీ పడకగదిలో చెల్లిన ‘వద్దు’ ఆఫీసులో, స్నేహంలో, ఇంటిపేరులో ఎందుకు చెల్లదు? ఆటకు ఒప్పందం ఉంది. సంసారానికి మాత్రం లేదు.

కిడ్నాపైన ఆడపడుచు కోసం అనస్టేసియా ఒంటరిగా వెళ్ళి తుపాకి పేలుస్తుంది. సంతోషించాను. అయితే ఆ ధైర్యం భర్తను ఎదిరించడానికి ఎందుకు పనికిరాదు? కథ ఇల్లు, కొడుకు, రెండో కాన్పు ఆశతో ముగుస్తుంది. ఆమె ఓర్పువల్ల అతని చిన్ననాటి గాయాలు మానాయని మనం నమ్మాలి. ‘ఓపిక పట్టమ్మా, పిల్లలు పుడితే వాడే మారతాడు’ అని చెప్పడానికి హెలికాప్టర్ ఉన్న కోటీశ్వరుడు కావాలా? మన పెద్దమనుషుల పంచాయితీ చాలదూ?

హెలికాప్టర్ తీసేసి చూడండి. భార్య ఎక్కడికెళ్ళిందో ఆరా తీస్తూ, పనిచోటికి వచ్చి గొడవపడే మనిషి మిగులుతాడు. అతను మన కౌన్సెలింగ్ కేంద్రాలకు కొత్తవాడేం కాదు. 2005 గృహహింస చట్టం మానసిక, ఆర్థిక వేధింపులను కూడా హింసే అంది. బాధితురాలు పనిచేసే చోటికి రావద్దని మేజిస్ట్రేటు అతన్ని ఆదేశించవచ్చు. పేదవాడు చేస్తే కేసు, ధనవంతుడు చేస్తే ప్రేమా?

విముక్తి పొందింది క్రిస్టియన్ బాల్యం. అనస్టేసియాకు దక్కింది అతని ఇంటిపేరు. అదే కథను 2021లో మళ్ళీ అతని నోట చెప్పించారు కూడా!

మన శిక్షణ శిబిరాల్లో ఏ అమ్మాయి చేతిలోనైనా ఈ పుస్తకం కనిపిస్తే లాక్కోకండి. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇతనికి డబ్బు లేకపోతే, ఇవే పనులు చేస్తే, నువ్వు ఉంటావా?’ జవాబు ఆమెనే వెతుక్కోనిద్దాం.