సిరాజ్ ఎదిగాడు, సంతోషం! మిగిలినవారి మాటేమిటి?



మన వెంగల్ చుట్టుపక్కల మిల్లుల్లో పనిచేసే కుర్రవాళ్ళ నోట ఇప్పుడు తరచుగా వినిపించే పేరు మహమ్మద్ సిరాజ్. హైదరాబాదులో ఒక ఆటో డ్రైవరు కొడుకు. భారత జట్టుకు ఫాస్ట్ బౌలరు. 2025 జూన్‌లో బంజారాహిల్స్‌లో ‘జోహర్ఫా’ అనే హోటలు తెరిచి యజమాని కూడా అయ్యాడు. “ఆయనకు యూనియనూ లేదు, జెండా లేదు, చందా లేదు. ఒంటి కష్టంతో పైకొచ్చాడు. మనమూ అలాగే రావాలన్నా” అని మన యువకులు కొందరు నాతో అంటున్నారు. ఈ మాటకు జవాబు చెప్పి తీరాలి.

ముందు ఆ మనిషికి దక్కవలసిన గౌరవం దక్కనిద్దాం. 1994లో పుట్టిన సిరాజ్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆట నేర్చాడు. 2016-17 రంజీ సీజనులో హైదరాబాదు తరఫున 41 వికెట్లు తీశాడు. 2017 ఐ.పి.ఎల్. వేలంలో 20 లక్షల కనీస ధర ఉన్న ఈ కుర్రవాణ్ణి సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు తీసుకున్నది. 2025 సీజనుకు గుజరాత్ జట్టు ఇచ్చిన ధర 12 కోట్ల 25 లక్షలు. 2020 నవంబరులో తండ్రి చనిపోయినప్పుడు ఆయన ఆస్ట్రేలియాలో ఉన్నాడు. జట్టుతోనే ఉండిపోయి, 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 2025లో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకు పైగా వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఎనిమిది గంటలు రింగ్ ఫ్రేముల మధ్య నడిచే మనకు ఆ కాళ్ళ నొప్పి ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ ఓవల్ టెస్టులోనే ఇంకొకటి జరిగింది. హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉండగా సిరాజ్ క్యాచ్ పట్టి, అడుగు తడబడి బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 కొట్టాడు. అయినా మర్నాడు కెప్టెన్ బంతి సిరాజ్ చేతికే ఇచ్చాడు. భారత్ 6 పరుగులతో గెలిచింది. మన దగ్గర నాలుగు పోగులు తెగితే చేతికి వచ్చేది మెమో. మనిషిని నమ్మితే పని ఎలా జరుగుతుందో మేనేజిమెంట్లు ఈ మ్యాచ్ చూసైనా నేర్చుకోవచ్చు.

ఇక ‘ఒంటి కష్టం’ సంగతి. తండ్రి ఆటో నడిపితేనే కొడుకు మైదానానికి వెళ్ళాడు. మైదానం ఉంటేనే బంతి వేశాడు. ఆ మైదానాన్ని ఎవరు చూసుకున్నారు? ఇది నేను కొత్తగా అడుగుతున్న ప్రశ్న కాదు. సిరాజే దీనికి జవాబు చెప్పాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకే కూల్చాడు. ఆ టోర్నీ అంతా వానే. పట్టాలు లాగి, నీళ్ళు తోడి, నేల ఆరబెట్టింది గ్రౌండు కూలీలు. తనకు వచ్చిన 5,000 డాలర్ల బహుమతిని సిరాజ్ వాళ్ళకే ఇచ్చేశాడు. వాళ్ళు లేకపోతే ఈ టోర్నీయే జరిగేది కాదని పదిమంది ముందూ చెప్పాడు. తన వికెట్ల వెనుక ఎవరి చెమట ఉన్నదో ఆయనకు తెలుసు. ఆయన పేరు చెప్పుకునే మన కుర్రవాళ్ళకు తెలియవద్దా?

క్రికెటర్లకు ఐకమత్యం పనికిరాదన్నదీ నిజం కాదు. 2002లో ఛాంపియన్స్ ట్రోఫీకి ముందు, ఆటగాళ్ళ ప్రకటనల ఆదాయానికి గండి కొట్టే షరతులతో ఐ.సి.సి. కాంట్రాక్టు కాగితం పంపింది. కోట్లు సంపాదించే మన స్టార్లు ఒక్కొక్కరుగా వెళ్ళి బ్రతిమాలుకోలేదు. ఒక్కటిగా నిలబడి సంతకం పెట్టమన్నారు. చివరకు రాజీకి రావలసి వచ్చింది. వాళ్ళకే ఐకమత్యం కావలసి వస్తే, బదిలీ కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ అక్కరలేదా?

మరొక ముచ్చట. 2024లో టి20 ప్రపంచ కప్ గెలిచాక తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు డి.ఎస్.పి. ఉద్యోగం ఇచ్చింది. కోట్లున్న మనిషికి కూడా గౌరవం చేయాలంటే ప్రభుత్వానికి తోచినది పర్మినెంటు ఉద్యోగమే! దాని విలువ వాళ్ళకు తెలుసు. మనం పర్మినెంటు చేయమని అడిగితే మాత్రం అత్యాశ అంటారు.

ఇప్పుడు ఆయన యజమాని. పది మందికి పని చూపించే ఎవరినైనా మేము స్వాగతిస్తాం. పది మంది పనిచేసే చోట ఈ.ఎస్.ఐ., ఇరవై మంది ఉన్నచోట ప్రావిడెంటు ఫండు చట్టం చెప్పినవే. ఈ.ఎస్.ఐ.కి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. హోటలు వంటగది అయినా, స్పిన్నింగ్ ఖాతా అయినా లెక్క ఒకటే. గ్రౌండు కూలీలను గుర్తుపెట్టుకున్న చేయి వంటవాళ్ళనూ, గిన్నెలు కడిగేవాళ్ళనూ గుర్తుపెట్టుకుంటుందనే మా ఆశ.

తమ్ముళ్ళారా! చెరువు గర్భంలో మీరు ఆడే ఆట నేనూ చూస్తుంటాను. మీలోనూ ఒక సిరాజ్ ఉండవచ్చు. కాని పన్నెండు గంటల షిఫ్టు చేయించుకుని, వారపు సెలవు నాడూ ఓ.టి.కి పిలిస్తే ఆ సిరాజ్ బంతి ఎప్పుడు పట్టుకుంటాడు? ఎనిమిది గంటల పని, వారానికొక సెలవు ఎవరూ దయతో ఇచ్చినవి కావు. పోరాడి తెచ్చుకున్నవి. అవి నిలిస్తేనే మీ ఆట నిలుస్తుంది. జట్టులో చోటు పదకొండు మందికే. యూనియన్లో అందరికీ చోటుంది.

ఈ నెల జీతం చీటీ చేతికి రాగానే ఈ.ఎస్.ఐ., పి.ఎఫ్. పట్టిన లెక్క ఉందో లేదో చూడండి. లేకపోతే చీటీ పట్టుకుని యూనియన్ ఆఫీసుకు రండి. ఆట ఆడండి, చందా కట్టండి!


మీ కార్యదర్శి