ప్రొజెక్టర్‌కు స్టూలు చాలు

ఈ ఏడాది నా తెలుగు తరగతి పిల్లల ఇళ్లలో మూడింటికి ప్రొజెక్టర్లు వచ్చాయి. బడిలో రోజూ దానితో కుస్తీ పట్టేది నేనే కాబట్టి, సమావేశానికి వచ్చిన తల్లిదండ్రులు మార్కుల సంగతి అయిపోయాక నెమ్మదిగా ఆ మాట ఎత్తారు. ముగ్గురూ అడిగింది ఒకటే: "మేడంగారూ, సీలింగుకు బిగించే మనిషి జగదల్‌పూర్‌లో ఎవరైనా ఉన్నారా?" ముగ్గురికీ ఒకే జవాబు చెప్పాను. బిగించకండి, స్టూలు మీద పెట్టుకోండి.

అంత డబ్బు పోసి కొన్న వస్తువుకు స్టూలేమిటి అన్నట్టు చూశారు. అందుకే ఈసారి పత్రికకు ఇదే రాస్తున్నాను, అదీ మీకోసం రాస్తున్నాను పిల్లలూ. ఇంట్లో ప్రొజెక్టర్‌ను అమర్చే పని మీ చేతికి రావాలని నా కోరిక.

మనం బదిలీల మనుషులం. మీలో చాలామందికి ఇది మూడో ఊరో నాలుగో ఊరో. నాకు ఆరోది. క్వార్టరు మనది కాదు. ఖాళీ చేసే రోజున గోడలు చూసిపోవడానికి ఒకాయన వస్తాడు, మనం క్యాలెండరు వెనక దాచిన కన్నాలు కూడా ఆయన కంట పడతాయి. సీలింగుకు నాలుగు బోల్టులు దించామంటే ఆ లెక్క కూడా మన ఖాతాలోనే. పైగా తర్వాతి ఊళ్లో హాలు పొడవు ఇంతే ఉంటుందని ఎవరు చెప్పగలరు?

అసలు భయం అది కాదు. బిగించిన వస్తువును ఇక ఎవరూ ముట్టుకోరు. వెనక పనిచేసిన ఒక ఊళ్లో నాకు ఇచ్చిన గదిలో ప్రొజెక్టర్ సీలింగుకు ఉండేది. దాన్ని ఎవరు బిగించారో, కొలత తీసుకున్నారో లేదో. బొమ్మ తెర కంటే పెద్దదిగా పడేది. పై వరుస మొత్తం తెర దాటి, పైనున్న చెక్క దూలం మీదికి ఎక్కేది. నిచ్చెన కావాలి, మనిషి రావాలి, దానికో కాగితం పెట్టాలి. రెండేళ్లు అలాగే గడిచిపోయాయి. నేను తెలివిగా ప్రతి పేజీలో మొదటి వరుస ఖాళీగా వదిలి రెండో వరుస నుంచి రాయడం మొదలుపెట్టాను. బస్తర్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇక్కడ ఒక ఏడో తరగతి కుర్రాడు లేచి, "మేడం, పైన ఎప్పుడూ ఖాళీ ఎందుకు వదులుతారు?" అని అడిగేదాకా నాకే తెలియలేదు, లేని దూలానికి నేనింకా దారి ఇస్తున్నానని.

స్టూలు మీద ఉన్నదాన్ని మాత్రం జరపవచ్చు. జరిపితే ఏమవుతుందో కళ్లతో చూడవచ్చు. మీ ఇంట్లో టైలరు టేపు ఉంటే చాలు. డబ్బా మీదో దానితో వచ్చిన పుస్తకంలోనో 'త్రో రేషియో' అని ఒక అంకె ఉంటుంది. గోడకూ కటకానికీ మధ్య దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే అది. ఆ అంకె 1.5 అనుకోండి. కటకం గోడకు 3 మీటర్ల దూరంలో ఉంటే బొమ్మ 2 మీటర్ల వెడల్పు వస్తుంది. 16:9 బొమ్మ కాబట్టి ఎత్తు 1 మీటరు 12 సెంటీమీటర్ల చిల్లర. మూలగా కొలిస్తే దాదాపు 90 అంగుళాలు. పైథాగరస్ సిద్ధాంతం దేనికి పనికొస్తుందని ఎనిమిదో తరగతిలో అడిగినవాళ్లు ఉన్నారు, ఇదిగో ఇందుకు. కొనే ముందే హాలు కొలిచి ఈ లెక్క వేస్తే, పెట్టె ఇంటికి వచ్చాక సోఫాను వంటగదిలోకి తోసే అవస్థ ఉండదు.

బొమ్మ పెద్దదైతే గొప్ప అనుకోకండి. దూరం రెట్టింపు చేస్తే బొమ్మ వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, అదే వెలుతురు నాలుగింతల చోటికి పరుచుకుంటుంది. అంటే ప్రతి చోటా నాలుగో వంతే మిగులుతుంది. పావు శేరు పెరుగును నలుగురికి మజ్జిగ చేసినట్టు. చిన్న గదిలో అయిదడుగుల వెడల్పు బొమ్మ నిండుగా ఉంటే చాలు.

ఇక ఎత్తు. కొన్ని యంత్రాల్లో కటకానికి సూటిగా బొమ్మ మధ్యభాగం పడుతుంది, కొన్నిటిలో బొమ్మ అడుగంచు పడుతుంది. మీది ఏ రకమో గోడ మీద వేసి చూస్తే తెలిసిపోతుంది. దాన్నిబట్టి స్టూలు కింద ఇటుక పెట్టాలా, స్టూలు తీసేసి పీట వేయాలా అన్నది తేల్చుకోండి. గాలి తీసుకునే పక్క రంధ్రాలకు మాత్రం ఏదీ అడ్డం పెట్టకూడదు. యంత్రాన్ని పైకి ఎత్తి పెట్టి వంచితే బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా తయారవుతుంది. అప్పుడు అందరూ చేసే పని 'కీస్టోన్' మీట నొక్కడం. బొమ్మ చదరంగా కనిపిస్తుంది గానీ, చుట్టూ కొన్ని చుక్కలను పారేసి మిగిలిన వాటితో సర్దుకున్న బొమ్మ అది. సినిమాకు ఫరవాలేదు. తెలుగు అక్షరానికి మాత్రం ఫరవా ఉంది.

ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. అమ్మేవాళ్లు ఫోకస్ చూపించడానికి పువ్వునో పులినో వేస్తారు. పులి కాస్త మసకగా ఉన్నా పులే. ద కింద చిన్న గీత మసకబారితే అది ధ కాకుండా పోతుంది. ఫలం పలం అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా ఒకే వరుసలో నిలబడతాయి, మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తుకు మళ్లీ ఇంకో ఒత్తు. అందుకని నేను ఫోకస్ సరిచేసేటప్పుడు గోడ మీద వేసేవి రెండే మాటలు: 'లక్ష్మి', 'స్త్రీ'. చాప మీద వెనక వరుసలో కూర్చున్నవాడికి ఆ ఒత్తులు విడిగా కనిపిస్తే యంత్రం కుదిరినట్టే. ఇంగ్లీషుకు పెట్టే అక్షరం కంటే తెలుగుకు ఒకటిన్నర రెట్లు పెద్దది పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్‌గా తీసుకెళ్లండి, లేకపోతే తెలుగు ఫాంటు లేని యంత్రం అక్షరాలన్నిటినీ గళ్లుగా మార్చి చూపిస్తుంది. ఆ గళ్లు నా తరగతిలో పడిన రోజున, "మేడం, ఇది చదవడం నాకు వచ్చు" అని ఒకడన్నాడు.

కొనేటప్పుడు డబ్బా మీది పెద్ద పెద్ద అంకెలకు మోసపోకండి. వేలకు వేలు ల్యూమెన్లు అని రాసి ఉంటే, అవి 'ఆన్సీ' ల్యూమెన్లా అని అడగండి. ఆ మాట ఎగ్గొడితే ఆ అంకెకు విలువ లేనట్టే. అలాగే 'సపోర్ట్ చేసే రిజల్యూషన్' ఎంతన్నది కాదు, 'నేటివ్ రిజల్యూషన్' ఎంతన్నది చూడాలి. మొదటిది అది మింగగలిగినది, రెండోది అది చూపగలిగినది.

గోడ సంగతి చెప్పాలంటే, మన క్వార్టర్ల మీగడరంగు డిస్టెంపరు గోడ అంత చెడ్డదేం కాదు, బొమ్మ కొంచెం పచ్చగా పడుతుందంతే. మెరిసే పెయింటు గోడే పనికిరాదు, మధ్యలో దీపం పెట్టినట్టు ఒకచోట వెలిగిపోతుంది. అన్నిటికంటే మంచిది తాతగారి తెల్ల పంచె. రెండు మడతలు వేసి, ఇస్త్రీ చేసి, ముడత లేకుండా నాలుగు మూలలూ లాగి కట్టండి. మన తోలుబొమ్మలాట వాళ్లు తెరకు వాడింది కూడా తెల్లబట్టే. వాళ్ల దీపం తెర వెనక ఉంటుంది, మనది ముందు ఉంటుంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీసినట్టు కనిపిస్తుంది, దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. కిటికీలకు దుప్పటి కట్టి, చీకటి పడ్డాకే వేయండి. పట్టపగలు వార్తలు చూడాలంటే టీవీయే మేలు, అందులో నాకు వాదం లేదు.

బస్తర్‌కు ప్రత్యేకం రెండు విషయాలు. ఇక్కడి వానాకాలపు తేమకు కటకం మీద బూజు పడుతుంది. వాన రోజుల్లో బయట వదిలేయకుండా, తేమ పీల్చే చిన్న పొట్లాలు వేసి డబ్బాలో పెట్టండి. కిరండూల్, బచేలి వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లకు ఎర్రదుమ్ము గురించి చెప్పక్కర్లేదు. గాలి జల్లెడను నెలకోసారి మెత్తటి కుంచెతో దులపాలి. కరెంటు సంగతి కూడా తెలిసిందే. బల్బు రకం యంత్రమైతే లోపలి ఫ్యాను తిరగడం ఆగేదాకా ప్లగ్ తీయకూడదు. అర్ధాంతరంగా కరెంటు పోతే ఆ వేడి లోపలే ఉండిపోతుంది, కాబట్టి చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. ఎల్ఈడీ రకానికి ఈ బాధ తక్కువ. చిన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్న ఇళ్లలో ఇంకో మాట: వెలుగుతున్న కటకంలోకి తొంగి చూడనివ్వకండి.

మరి దాని మీద ఏం చూడాలి? తరగతిలో నేను ఒక సాయంత్రం 'ఎన్ జుంగెల్‌సాగా' అనే స్వీడన్ సినిమా నుంచి కొన్ని దృశ్యాలు చూపించాను. 1957లో వచ్చింది. తీసినాయన ఆర్నె సుక్స్‌డార్ఫ్. ఇదే బస్తర్ అడవుల్లో, నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ అనే మురియా పల్లెలో తీశాడు. పులిపిల్లతో ఆడుకునే చెంద్రూ అనే కుర్రవాడు అందులో కనిపిస్తాడు. ఆ కుర్రవాడు స్వీడన్ కూడా వెళ్లి వచ్చాడు, తర్వాత తన ఊళ్లోనే బతికి 2013లో చనిపోయాడు. మీ వయసువాడు, మీరుంటున్న నేలవాడు. ఫోనులో చూస్తే ఆ పులి వేలంత ఉంటుంది. గోడ మీద చూసినప్పుడు మాత్రం గది మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అది వెడల్పాటి తెర కోసం తీసిన సినిమా, అందుకని పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. రెండు మీటర్ల వెడల్పు బొమ్మలో ఒక్కో పట్టీ పదమూడు, పధ్నాలుగు సెంటీమీటర్లు. ఆ పట్టీలు చూడలేక బొమ్మను సాగదీయకండి, చెంద్రూ వెదురుబొంగులా పొడవైపోతాడు.

అయితే నేను స్టూలు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం సినిమా కాదు, ఒక ఉత్తరం.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి, విజయనగరం వైపు పల్లె నుంచి నాయనమ్మ రాసిన ఉత్తరం తీసుకొచ్చి నా ముందు పెట్టింది. "చదివి పెట్టండి మేడం" అంది. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడే పిల్ల. నాలుగు బదిలీల్లో, రెండు చోట్ల తెలుగు చెప్పేవాళ్లు లేక అక్షరాలు జారిపోయాయి. మీలో సగం మంది కథ ఇదే, నేను వేరే చెప్పనక్కర్లేదు. నేను చదవలేదు. దాన్ని ఫోనుతో ఫొటో తీసి, ఇంట్లో గోడ మీద వేసుకోమన్నాను. వాళ్లది ఆ మూడిళ్లలో ఒకటి.

రెండు రోజుల తర్వాత వాళ్ల నాన్నగారు ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఆగి చెప్పారు. రాత్రి భోజనాలయ్యాక పంచె కట్టి వేశారట. నాయనమ్మ అక్షరాలు జానెడేసి పడ్డాయట. అమ్మాయి ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివిందట. 'గుంట ఎలాగున్నాది' అన్నచోట ఆగిపోయి, "నాన్నా, మనింట్లో గుంట ఎక్కడుంది?" అని అడిగిందట. వాళ్లమ్మ నవ్వాపుకోలేక, "గుంటంటే నువ్వేనే" అందట. ఆ మాట మీద నుంచి ఆయన ఊరి మాటలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెడితే పదకొండయిందట. చెబుతూ చెబుతూ ఆయన కాసేపు ఊరుకుని, "మేడంగారూ, అమ్మ రాసినదాన్ని ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే చదివి, అందరూ బాగున్నారట అని చెప్పి మడిచి పెట్టేసేవాణ్ణి" అన్నారు.

టీవీ మీద కూడా ఫొటో పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు, పెట్టుకోండి, తప్పులేదు. కానీ గోడ మీద పడిన అక్షరం దగ్గరికి మీరు నడిచి వెళ్లవచ్చు. ఆ అమ్మాయి వెళ్లి ఒత్తుల మీద వేలు పెట్టి దిద్దిందట. దిద్దుతుంటే తన చేతి నీడ అక్షరాన్ని మింగేస్తోందని, స్టూలును కాస్త పక్కకు జరిపి, తను ఇటుపక్కన నిలబడిందట. సీలింగుకు బిగించి ఉంటే ఆ జరపడం కుదిరేది కాదు.

ఈ శనివారం మూడో పీరియడ్ తర్వాత తెలుగు గదిలో స్టూలు, టేపు, పంచె సిద్ధంగా ఉంచుతాను. ఇంట్లో ప్రొజెక్టర్ ఉన్నా లేకపోయినా రండి. మీ అమ్మమ్మో తాతయ్యో రాసిన ఉత్తరం, లేకపోతే పచ్చడి కొలతలు రాసిచ్చిన చీటీ అయినా ఫొటో తీసుకురండి. కొలిచి అమర్చేది మీరే, నేను వెనక వరుసలో చాప మీద కూర్చుంటాను.