పైపుకి షిఫ్టుకో పర్మిటు, పాపకి ఎప్పటిదో లైసెన్సు

రాస్ తనూరా రిఫైనరీలో ఒక పాత పైపుకి చిన్న వెల్డింగు చెయ్యాలంటే ఏం జరుగుతుందో ముందు చెబుతాను. చదివేవాళ్ళలో ఎక్కువమంది నాలాగే కంప్యూటరు ముందు కూర్చుని బతికేవాళ్ళు కాబట్టి కాస్త ఓపిక పట్టండి, అసలు విషయం పిల్లల గురించే.

వెల్డరు నేరుగా వెళ్ళి టార్చి వెలిగించడానికి వీల్లేదు. పర్మిటు కావాలి. నిప్పు పుట్టే పనికి ఒక రకం, పుట్టని పనికి ఒక రకం, ట్యాంకులాంటి ఇరుకు చోట్లోకి దిగడానికి ఇంకొకటి, ప్రమాదకరమైన గ్యాసో ద్రవమో బయటికొచ్చే అవకాశం ఉంటే మరొకటి. పర్మిటు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ కలిసి ఆ చోటికి నడిచి వెళ్ళి చూడాలి. గ్యాసు ఉందో లేదో కొలవాలి. ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఇంతా చేస్తే ఆ కాగితం చెల్లేది ఆ షిఫ్టుకే. నిన్న గ్యాసు లేదు కాబట్టి ఇవాళా ఉండదని అక్కడ ఎవరూ అనుకోరు. రోజుకి 5,50,000 బ్యారెళ్ళ నూనె శుద్ధి చేసే చోట అలా అనుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఇప్పుడు కంచె దాటి ఇవతలికి రండి. కంపెనీ ఉద్యోగులకి నజ్మా అని చక్కటి కాలనీ ఉంది. కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే మాబోటివాళ్ళం రహీమా ఊళ్ళో అద్దె ఫ్లాట్లలో ఉంటాం. 2017 జులై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికీ నెలకి 100 రియాళ్ళ చొప్పున పన్ను మొదలైంది, 2020 నాటికి అది 400 అయ్యింది. చాలామంది భార్యాపిల్లల్ని ఇండియా పంపేశారు. ఉండిపోయిన ఇళ్ళల్లో ఇద్దరూ సంపాదించక తప్పని పరిస్థితి వచ్చింది. ఆవిడ బళ్ళో టీచరో, ఆసుపత్రిలో నర్సో, లేకపోతే ఇంట్లోంచే టెస్టింగు పనో. మరి రెండేళ్ళ పిల్లని ఎవరు చూస్తారు? కింది ఫ్లాటులో ఉండే పిన్నిగారు. ఆవిడ దగ్గర అప్పటికే అయిదారుగురు పిల్లలుంటారు. ఆవిడ మంచిదే, పప్పన్నం కలిపి ముద్దలు పెడుతుంది. కానీ ఆ ఇంట్లో గ్యాసు సిలిండరు ఎక్కడుందో, కిటికీలకి తాళం వేసిన గ్రిల్లులున్నాయో లేదో కలిసి నడిచి చూసినవాళ్ళు లేరు. అటు వెల్డింగుకి రెండు సంతకాలు, ఇటు పసిపిల్లకి ఒక్కటీ లేదు.

లైసెన్సు ఉన్న చోట పెడితే సరిపోతుంది కదా అంటారు. సరిపోదనే ఈ వ్యాసం. లైసెన్సంటే ఒకానొక రోజున తీసిన ఫోటో. సాఫ్ట్‌వేరువాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రిలీజు రోజున టెస్టులన్నీ పాసయ్యాయని ఆ తరవాత మూడేళ్ళు ఎవరైనా టెస్టులు నడపడం మానేస్తారా?

మెక్సికోలోని ఎర్మొసియ్యోలో ఏబీసీ అనే డే కేర్ ఉండేది. గోదాముని మార్చి కట్టినది. 2009 మే 26న భద్రతా తనిఖీ పాసయ్యింది. జూన్ 5న పక్క గోదాములో పుట్టిన నిప్పు పైకప్పు మీదుగా ఇందులోకి వచ్చింది. 49 మంది పిల్లలు చనిపోయారు. అత్యవసర ద్వారం పనికిరాక, చుట్టుపక్కలవాళ్ళు ట్రక్కులతో గోడ పగలగొట్టి మిగిలినవాళ్ళని తీశారు. తనిఖీకి ప్రమాదానికి మధ్య పది రోజులు. తనిఖీ చేసినాయన ఏం చూశాడు? ఆయన ఫారంలో పక్క గోదాము గురించి గడి ఉందా? నాకు ఎప్పుడూ మెదిలే ప్రశ్న ఇదే. తనిఖీ జరిగిందా అన్నది సగం మాటే, అందులో ఏమేం చూశారన్నది మిగతా సగం.

ఫారంలో గళ్ళు ఎక్కడివాళ్ళో రాస్తారు, ఇల్లు ఎక్కడో ఉంటుంది. చలిదేశాల చెక్ లిస్టుల్లో వేడినీళ్ళ కుళాయి ఉష్ణోగ్రత చూడాలని ఉంటుంది. గల్ఫ్‌లో జులై నెలలో ప్రమాదం చన్నీళ్ళ కుళాయితో. మేడమీద ట్యాంకు ఎండకి కాగి, చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. అందుకే ఇక్కడ పాత కాపులు వేసవిలో గీజరు ఆపేసి, నీడపట్టున చల్లారిన ఆ నీళ్ళే వాడుకుంటారు. పిల్లవాడి మూతి కడగబోయే కొత్త ఆయాకి ఇది ఎవరు చెప్పాలి? ఇలాంటివి ఇంకా ఉన్నాయి. తుఫానులా దుమ్ము లేచిన రోజున పిల్లల్ని ఎక్కడ ఉంచుతారు? సైరన్ మోగితే ఎటు తీసుకెళ్తారు? 2021 మార్చి 7న రాస్ తనూరా ఓడరేవులో నూనె ట్యాంకు మీద డ్రోను దాడి జరిగింది. కాబట్టి సైరన్ ప్రశ్న ఇక్కడ ఊహాగానం కాదు.

మనవాళ్ళు వెంటనే ఎత్తుకునేది కెమెరా మాట. ఫోనులో పాప కనపడుతుంటే ఇంకేం భయం అని. హైదరాబాదులో ఇప్పుడు డే కేర్ ప్రకటన ఏది చూసినా ముందు అదే. 2016 నవంబరులో నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో పది నెలల పాపని ఆయా కొట్టిన సంగతి గుర్తుందా? అక్కడ కెమెరా ఉంది. చక్కగా రికార్డు కూడా చేసింది. పాపకి దెబ్బలు తగిలి ఆసుపత్రికి తీసుకెళ్ళాక ఆ రికార్డు చూశారు. కెమెరా జరిగింది చెబుతుంది, జరగబోయేది ఆపదు. పైగా మీటింగులో ఉండి ఎనిమిది గంటలు తెర చూస్తూ కూర్చునే తండ్రి ఎవరు? (ఉంటే ఆయన మేనేజరు పేరు నాకు చెప్పండి, నేనూ అక్కడికి మారతాను.)

సాంకేతికత పనికొచ్చే చోటు ఇంకొకటుంది. 2022 సెప్టెంబరు 11న ఖతర్‌లోని అల్ వక్రాలో నాలుగేళ్ళ మలయాళీ పాప బడి బస్సులో నిద్రపోయింది. ఆ రోజు ఆ పాప పుట్టినరోజు. చూసుకోకుండా బస్సు తాళం వేసి వెళ్ళిపోయారు. ఎండలో ఆ బస్సులోనే పాప ప్రాణం పోయింది. ఆ కిండర్‌గార్టెన్‌ని ప్రభుత్వం మూయించింది. దీనికి మందు చాలా చవకైనది. ఇంజను ఆపగానే బస్సులో అలారం మోగుతుంది. అది ఆగాలంటే డ్రైవరు చివరి సీటు దాకా నడిచి వెళ్ళి అక్కడున్న బొత్తాం నొక్కాలి. అంతే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం డే కేర్ వ్యాన్లలో ఇలాంటి అలారం ఉండాలని 2021లో చట్టం చేసింది. ఇందులో తెలివితేటలు బొత్తాంలో లేవు, దాన్ని పెట్టిన చోటులో ఉన్నాయి. మనిషిని నడిపించి చూసేలా చేస్తుంది. రిఫైనరీ పర్మిటు చేసే పనీ అదే.

ఇక అమెరికాలో ఉన్న మిత్రులు, మా దగ్గర ఇవన్నీ ఎప్పుడో అయిపోయాయండీ అంటారు. కొంత నిజమే. 2014లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, కేంద్రం సొమ్ము అందుకునే లైసెన్సు డే కేర్లని ఏడాదికి ఒకసారైనా చెప్పకుండా వెళ్ళి తనిఖీ చెయ్యాలి, దాని ఫలితాలు జనం చూసేలా ఇంటర్నెట్టులో పెట్టాలి. ఇంగ్లండులో ఆఫ్‌స్టెడ్ 2001 నుంచి ఈ పని చూస్తోంది. ఆస్ట్రేలియా 2012లో దేశమంతటికీ ఒకే రేటింగు పద్ధతి తెచ్చింది. కాలిఫోర్నియాలో అయితే తప్పులకి తరగతులున్నాయి. తక్షణ ప్రమాదం ఉన్నది టైప్ ఏ, వదిలేస్తే ప్రమాదమయ్యేది టైప్ బి. టైప్ ఏ పడితే ఆ కాగితం 30 రోజులు గోడకి అంటించాలి.

అదే కాలిఫోర్నియాలో 2003లో బడ్జెట్టు కరువొచ్చి, ఏటా జరిగే తనిఖీలు అయిదేళ్ళకొకసారి జరిగినా చాలన్నారు. చాలా ఏళ్ళు అలాగే నడిచింది. డబ్బు లేకపోతే ముందు కోత పడేది ఎవరికీ కనపడని పనికే. తరవాత కొంత సరిదిద్దారనుకోండి. 2023 అక్టోబరు 2న, సాన్ హోసేలో లైసెన్సు ఉన్న ఒక ఇంటి డే కేర్‌లో రెండేళ్ళు నిండని ఇద్దరు పిల్లలు ఈత కొలనులో పడి చనిపోయారు. కొలను చుట్టూ కంచె ఉంది. ఆ ఉదయం కంచె తలుపు తెరిచి ఉంది. కంచె ఉందా అనే గడిలో టిక్కు పెట్టవచ్చు, తలుపు ఇప్పుడు మూసి ఉందా అనేది మాత్రం ఏ రోజుకారోజు చూడాల్సిందే.

అయినా సరే, నివేదికలు బయట పెట్టడం ఒక్కటీ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. ఒక తనిఖీ ఫోటో అయితే, పదేళ్ళ తనిఖీలు వరసగా పెట్టుకుంటే సినిమా. ఒకే తప్పు మూడుసార్లు వచ్చిందంటే దాని అర్థం వేరు. అది చూడ్డానికి పదిహేను నిమిషాలు చాలు. బే ఏరియాలో ఉన్న నా స్నేహితుల్ని అడిగాను, మీ పాప వెళ్ళే చోటు రిపోర్టులు చదివారా అని. నలుగురిలో ఒక్కరు చదివారు. మిగతా ముగ్గురూ యెల్ప్‌లో నక్షత్రాలు చూసి చేర్చారు. బియ్యం వండుకునే కుక్కరు కొనడానికి రెండు వందల రివ్యూలు చదివే జాతి మనది.

ఇండియాలో చదువుదామన్నా నివేదిక లేదు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది పైన ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సౌకర్యం చూపించాలన్నారు. 2018లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలు పది మందికి ఒక శిక్షణ పొందిన మనిషి ఉండాలి వగైరా. అవి మార్గదర్శకాలే, ప్రైవేటు డే కేర్లన్నిటికీ వర్తించే కేంద్ర లైసెన్సు చట్టం కాదు. హైదరాబాదు గల్లీలో అపార్టుమెంటు కింద అంతస్తులో డే కేర్ పెట్టేవాడికి కావలసింది ఒక రంగుల బోర్డు, దాని మీద ఒక ఇంగ్లీషు పేరు.

ఆ 2017 సవరణలో నాకు నచ్చిన వాక్యం ఒకటుంది. తల్లి రోజుకి నాలుగుసార్లు క్రెష్‌కి వెళ్ళి పిల్లని చూడవచ్చు. పాలివ్వడానికని రాసి ఉంటారు. నా లెక్కలో మాత్రం అది రోజుకి నాలుగు ఆకస్మిక తనిఖీలు, జీతం ఇవ్వక్కర్లేని, లంచం తీసుకోని ఇన్‌స్పెక్టరుతో. ఏ వేళయినా తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వని చోట, గోడమీద ఎన్ని లైసెన్సులున్నా, పిల్లని వదలకూడదని నా అభిప్రాయం.

సౌదీ సంగతికి వస్తే, కాగితం మీద చట్టం పాతదే. 2005 కార్మిక చట్టం 159వ అధికరణం, 50 మంది స్త్రీలు పనిచేసే చోట, ఆరేళ్ళలోపు పిల్లలు పది మంది ఉంటే వాళ్ళని చూసుకునే చోటు, ఆయాలు ఏర్పాటు చెయ్యాలంది. ఇక్కడి స్త్రీలు ఉద్యోగాల్లోకి రావడం 2030కి పెట్టుకున్న 30 శాతం లక్ష్యాన్ని ఎన్నో ఏళ్ళు ముందే దాటింది. ఖుర్రా అనే పథకం కింద ఉద్యోగం చేసే సౌదీ తల్లులకి డే కేర్ ఖర్చులో కొంత ప్రభుత్వం ఇస్తుంది, పిల్లని నమోదైన కేంద్రంలో చేరిస్తేనే. ఇది తెలివైన మెలిక. డబ్బు వెంట తనిఖీ వస్తుంది. కానీ ఆ డబ్బు మాకు రాదు కాబట్టి, మా పిన్నిగార్లకి ఆ తనిఖీతో పనే లేదు.

2012 మే 28న దోహాలోని విల్లాజియో మాల్‌లో ఒక దుకాణంలో ట్యూబులైటు దగ్గర పుట్టిన మంట, పైన ఉన్న నర్సరీని చుట్టుకుంది. 19 మంది పోయారు, అందులో 13 మంది పిల్లలు, నలుగురు టీచర్లు, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది. డిజైను, లైసెన్సు, భద్రత నిబంధనలు సంబంధించినవాళ్ళెవరూ సరిగ్గా పాటించలేదని దర్యాప్తు కమిటీ తేల్చింది. అంత పెద్ద మాల్‌లో ఉన్న నర్సరీ గతే అదయితే, మూడో అంతస్తులో ఉన్న ఫ్లాటు ఎవరి కంటికి ఆనుతుంది?

వీటిని మూయించెయ్యాలనే మాట వినపడితే నాకు ఒళ్ళు మండుతుంది. మూయిస్తే పిల్లలు ఇంకా లోపలి గదుల్లోకి వెళ్తారు, అంతే. కాలిఫోర్నియాలో ఇంటి డే కేర్‌కి వేరే తరగతి ఉంది, చిన్నదానికి ఎనిమిది మంది దాకా, పెద్దదానికి పధ్నాలుగు మంది దాకా. అలాంటి చిన్న గూడు ఒకటి గల్ఫ్ దేశాల చట్టాల్లో విదేశీ కుటుంబాలకి కూడా దొరకాలి. ఫీజు తక్కువ, షరతులు తక్కువ, కానీ తప్పనివి. రెండో దారి ఉండాలి, పొగ అలారం ఉండాలి, పిల్లల సంఖ్యకి హద్దుండాలి.

చట్టం వచ్చేదాకా ఊరుకోకుండా మా రహీమాలో కొందరం రిఫైనరీ పర్మిటునే చూసి ఒక పేజీ కాగితం తయారుచేశాం. నెలకొకసారి తల్లో తండ్రో, పిన్నిగారూ కలిసి ఇల్లంతా నడిచి చూసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. సిలిండరు, కిటికీ తాళం చెవి, కుళాయి, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చినప్పుడు పిల్లల్ని చూసేదెవరు. ఒకావిడ, "నా మీద నమ్మకం లేకపోతే తీసుకుపోండి బాబూ" అని కాగితం తిప్పి ఇచ్చేశారు. ఇంకొకావిడ ఓపిగ్గా అంతా చదివి, "మంట ఆర్పే సిలిండరు ఎవరు కొంటారు నాయనా, నేనా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటికి ముప్ఫై రియాళ్ళ చొప్పున చందా వేసుకుంటున్నాం.