గృహిణి – వ్యవహారము: ఇంటిముందున్న డీజిలు కారు

ఈ మాసము వచ్చిన జాబులలో నొకదానికి విడిగా బదులు వ్రాయుటకంటె నిచ్చట వ్రాయుటయే మేలని తోచినది. ఇట్టి చిక్కు పలువురి యిండ్లలో నుండును. అడుగువారు మాత్రము తక్కువ.

కృష్ణాజిల్లానుండి ఒక సోదరి వ్రాసినారు. భర్త గతించి రెండు మాసములైనది. ఆయన మందుల కంపెనీ ప్రతినిధిగా ఊరూరు తిరుగుటకు 2014లో కొన్న మారుతి స్విఫ్టు డీజిలు కారు వాకిట నున్నది. ఆమెకు నడుపుట రాదు. ఇద్దరు పిల్లల చదువునకు డబ్బు కావలెను. కారు 1,82,000 కిలోమీటర్లు తిరిగినది. మరిదిగారు వచ్చి, “ఇంత తిరిగినదాని నెవరు కొందురు వదినా? ఇనుము ధర వచ్చిన చాలును. నాకు తెలిసిన వాడొకడున్నాడు, ఈ ఫారములపై సంతకము చేయుడు. లేదా మీటరులో అంకెలు తగ్గింపించిన నాలుగు రాళ్ళు ఎక్కువ వచ్చును” అన్నారట. ఏమి చేయుదునని ఆమె ప్రశ్న.

సోదరీ, మరిదిగారి మంచితనమును నేను శంకింపను. ఆయన లెక్కను మాత్రము శంకింతును. ఆ రెండు పనులును చేయకుడు.

మొదట కిలోమీటర్ల సంగతి. డీజిలు ఇంజనులో గాలిని మిక్కిలి యొత్తిడితో నొక్కి, ఆ వేడికే చమురు మండునట్లు చేయుదురు. ఆ యొత్తిడికి తాళవలెను గనుక దాని భాగములను బరువుగా, గట్టిగా కట్టుదురు. మీ కారులోనిది 1,248 సి.సి. ఇంజను, ఇటలీ దేశపు ఫియట్ వారు రూపొందించినది. దానినే టాటా వారి విస్టాలోను, ఫియట్ వారి పుంటోలోను వాడినారు. కాబట్టి దాని గుట్టు తెలిసిన మేస్త్రీలు చిన్న పట్టణములలోను కలరు. లోపల రబ్బరు బెల్టునకు బదులు ఇనుప గొలుసు తిరుగును. మారుతి వారు 2020లో డీజిలు కార్ల తయారీని మానివేసినారు. ఆ కంపెనీ డీజిలు కారునే కోరువారు ఇప్పుడు పాతవాటిలోనే వెదకుకొనవలెను. ఇదియు గాక, మీ వారు తిరిగినది ఎక్కువగా జాతీయ రహదారిపైన. సందులలో నిమిషమున కొకమారు క్లచ్చి నొక్కుచు, బ్రేకు వేయుచు తిరిగిన అరువది వేలకంటె, రహదారిపై నిలుకడగా నడచిన లక్ష యింజనునకు హాయి.

అయితే ఈ మాట మీరు చెప్పిన కొనువాడు నమ్మడు. కాగితము చెప్పవలెను. మీ వారు ప్రతి బిల్లును ఒక ఫైలులో దాచినారని మీరే వ్రాసినారు. సోదరీ, మీ కారు విలువలో మంచి భాగము ఆ ఫైలులో నున్నది! ఒక మధ్యాహ్నము కూర్చుండి వానిని తేదీల వరుసను పేర్చుడు. ఒక నోటుపుస్తకములో, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు, ఏ పని జరిగినదో వ్రాయుడు. పదివేల కిలోమీటర్లకొకమారు ఇంజను నూనె మార్చినట్లు కనబడవలెను. క్లచ్చి యెప్పుడు మార్చినారు, టైర్లెప్పుడు, బ్యాటరీ యెప్పుడు అనునవి వేరుగా గుర్తుపెట్టుడు. పాలవాని లెక్క, చాకలి పద్దు తప్పక వ్రాయు చేతికి ఇదియొక కష్టము కాదు.

అంకెలు తగ్గించుట మోసము. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను మోసమునకే యున్నది. పైగా కారు కంపెనీ వర్కుషాపునకు వెళ్ళిన ప్రతిమారు అచటి కంప్యూటరులో కిలోమీటర్లు ఎక్కియుండును. కొనువాడు ఒక్కమారు విచారించిన చాలును, మీ నిజమైన బిల్లులుకూడ అబద్ధములుగా తోచును.

చూడవచ్చువానిని ఉదయమే రమ్మనుడు. అతడు రాకముందు ఇంజనును వేడిచేసి యుంచకుడు. చల్లని యింజను తాళము త్రిప్పగనే పలికినచో అంతకుమించిన సాక్ష్యము లేదు. నీలిపొగ నూనె మండుటకు గురుతు, నల్లపొగ డీజిలు సరిగా మండకపోవుటకు గురుతు. తన మేస్త్రీని తెచ్చుకొనిన తెచ్చుకొననిండు. ముందు చక్రములవద్ద గడగడమను చప్పుడున్నదని వ్రాసినారు గదా. అది అతడు కనిపెట్టకముందే మీరు చెప్పుడు. చెప్పిన లోపమునకు తగ్గించు ధరకంటె, దాచిన లోపమునకు తగ్గించు ధర ఎక్కువ.

ఇక ముచ్చటపడి పెట్టించిన అలంకారములు. అల్లాయి చక్రములు, తెరగల పాటల పెట్టె, పెద్ద స్పీకర్లు, తోలు సీట్లు. వీనికి పెట్టిన సొమ్ము తిరిగి రాదు. నగకు తరుగు పోయినట్లే. పాత ఇనుప చక్రములు అటకపై నున్నవన్నారు. వానిని తగిలించి, అల్లాయి చక్రములను వేరుగా అమ్మిన నేమైన రావచ్చును. తండ్రి స్పీకర్లు కావలెనని అబ్బాయి ఏడ్చుచున్నాడని వ్రాసినారు. తీయించి ఇంట నుంచుడు. ఆ కొంచెము సొమ్ము పోయిన పోనిండు.

అలంకారము కానిది ఒకటి కలదు. 2017 నాటి బిల్లులో, ఇంజనునకు మెదడువంటి పెట్టెలో లెక్కలు మార్పించి బలము పెంచినట్లున్నది. తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను సమ్మతింపదు. 2019లో సుప్రీంకోర్టును ఈ విషయమును గట్టిగానే చెప్పినది. ఆ పనిచేసినవారిచేతనే మొదటి లెక్కలను తిరిగి పెట్టింపుడు. కొనువానికి ఆ సంగతియు చెప్పుడు.

పదేండ్లు దాటిన డీజిలు బండి చెల్లదని ఎవరో బెదరించినారట. ఆ వివాదము దిల్లీ ప్రాంతమునది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఉత్తరువుతో పుట్టినది. మనవైపు ఆ నియమము లేదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. మీది 2029 వరకు నిలుచును. పిమ్మట బండిని చూపించి పొడిగించుకొనవచ్చును.

అన్నిటికంటె తొందరపడవలసినది పేరు మార్పునకు. ఆర్.సి. ఇంకను మీ వారి పేరనే యున్నది. ఆయన పేర మీరు అమ్మలేరు. యజమాని గతించిన ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. మూడు మాసములలో 31వ ఫారముతో వారసులు దరఖాస్తు పెట్టవలెను. మొదటి గడువు దాటినది, రెండవదానికి మాసమే మిగిలినది. మరణ ధ్రువపత్రము, తహసీల్దారు ఇచ్చు కుటుంబసభ్యుల ధ్రువపత్రము తీసికొని ఈ వారమే వెళ్ళుడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము మీరు, పిల్లలు మాత్రమే కాక మీ అత్తగారును వారసురాలే. ఆమె సమ్మతిని ముందుగా, గౌరవముగా అడుగుడు. భీమా పత్రమును చూడుడు; యజమాని గతించిన పిదప అది మూడు మాసములకు మించి నిలువదు, ఆలోపల గడువు తీరిన అంతకుముందే పోవును. బ్యాంకు అప్పు తీరినను ఆర్.సి.లో బ్యాంకు పేరు మిగిలియున్నచో, వారి పత్రముతో 35వ ఫారము పెట్టి కొట్టివేయింపుడు.

మీ పేర ఆర్.సి. వచ్చిన పిదపనే బేరము. ఇద్దరు ముగ్గురు వ్యాపారులచేత ధర వ్రాయించుకొనుడు. సొమ్ము బ్యాంకులో పడినపిదప తాళము. 29, 30 ఫారములలో కొనువాని పేరు, తేదీ నింపకుండ సంతకము చేయకుడు. మరిదిగారు తెచ్చిన ఖాళీ ఫారముల భయమేమో చెప్పెదను. ఉత్తరదేశమున నొక కారు వరుసగా చేతులు మారినది. పేరు మాత్రము మొదటివానిదే యుండిపోయినది. 2009లో ఆ కారువలన ప్రమాదము జరిగినది. నష్టపరిహారము పుస్తకములో పేరున్న మొదటి యజమానియే యిచ్చుకొనవలెనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. అతడా కారును అమ్మి అప్పటికే ఏండ్లు గడచినవి! అందుచేత అమ్మిన పదునాలుగు దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి, రసీదు ఫైలులో నుంచుడు. వ్యాపారికే యిచ్చిన పక్షమున, అధికారపత్రము గలవానికే యిచ్చి, 29సి ఫారము వేయించుడు. 2023 ఏప్రిలునుండి ఆ యేర్పాటు కలదు.

బండి కదలిపోవుటకు ముందు ఫాస్టాగ్ బిళ్ళను తీసివేసి, ఖాతాను మూయింపుడు. లేనిచో వారి ప్రయాణముల సుంకము మీ సొమ్మునుండి పోవును. సీట్లక్రింద, ముందరి అరలో వెదకుడు. మీ వారి కాగితములు, వస్తువులు ఏవైన నుండవచ్చును. 31వ ఫారమునకు కార్యాలయమువారేమనిరో వెంటనే వ్రాయుడు.